పొగ పోయినది, బొమ్మ మిగిలినది

లోకములో పారవేయుటకే పుట్టిన వస్తువులు కొన్ని కలవు. అగ్గిపెట్టె మీది కాగితము, సిగరెట్టు పెట్టె అట్ట, బస్సు టిక్కెట్టు, సినిమాహాలులో అమ్మిన పాటల పుస్తకము, పెండ్లి శుభలేఖ - ఇవి యన్నియు ఒక్క దినపు ఆయువు కలవి. పెద్దలు వానితో పని తీరగానే నేలను విడిచి ముందుకు సాగుదురు. వెనువెంటనే ఒక చిన్న చేయి వచ్చి వానిని ఏరుకొనును. ఆ చిన్న చేయి చేసిన పనికి చరిత్రకారులు ఎంత ఋణపడి యున్నారో చెప్పుటయే ఈ వ్యాసమున మా యుద్దేశము.

తాడిమర్రి వీథులలోనైనను, ధర్మవరము మగ్గాల సందులలోనైనను, హిందూపురములో బస్సులు నిలుచు తావునైనను, ఒక తరము క్రిందటి బాలురకు సిగరెట్టు పెట్టె అట్టలే నాణెములు. నేలమీద గిరి గీసి, నడుమ అట్టలను పేర్చి, దూరమునుండి బిళ్లరాయి విసరి, గిరి దాటి వెలుపలికి వచ్చిన అట్టలను గెలుచుకొనెడివారు. అన్ని అట్టలకును ఒకే విలువ లేదు. ఊరిలో అందరును కాల్చెడి చార్మినార్ అట్టకు విలువ తక్కువ. కత్తెర మార్కు అట్టకు కొంచెము ఎక్కువ. పట్టణమునుండి వచ్చిన చుట్టమెవరో పారవేసిపోయిన విదేశపు పెట్టెకు అన్నింటికంటె ఎక్కువ. అర్థశాస్త్రము పేరైనను వినని ఆ బాలురకు అందులోని మొదటి పాఠము కంఠస్థమై యుండెను: సులభముగా దొరకునది చౌక, దొరకనిది ప్రియము.

ఈ యాటనే మరియొక రూపమున అమెరికా బాలురు నూట ముప్పది యేండ్లకు పూర్వమే ఆడిరి. అయితే వారు ఏరుకొన్నది పెట్టె అట్టను కాదు, పెట్టె లోపలి బొమ్మకార్డును. ఆ కార్డులలో ఒకటి 2022లో 72 లక్షల 50 వేల డాలర్లకు చేతులు మారినది. బొటనవ్రేలంత వెడల్పు గల అట్టముక్కకు అంత ధర ఎట్లు వచ్చెనను కథలో యంత్రము కలదు, వ్యాపారము కలదు, లోభము కలదు. వీనితోపాటు ఒక ఆటగాని పట్టుదలయు, ఒక రోగగ్రస్తుని తపస్సును కలవు.

అట్టముక్క పుట్టుక

1880 ప్రాంతము వరకు అమెరికాలో సిగరెట్లను చేతితోనే చుట్టుచుండిరి. నేర్పు గల పనివాడు గంటకు ఇన్నూరు చుట్టినచో గొప్ప. జేమ్స్ బోన్సాక్ అను యువకుడు సిగరెట్లను చుట్టు యంత్రమును కనిపెట్టి 1881లో దానికి హక్కుపత్రము పొందెను. అది పది గంటలలో లక్ష ఇరువది వేల సిగరెట్లను చుట్టగలిగినది. ఉత్తర కరొలైనాలోని డర్హామ్ పట్టణమున పొగాకు వ్యాపారము చేయుచుండిన జేమ్స్ బుకానన్ డ్యూక్ ఈ యంత్రమును తెచ్చి తన కర్మాగారమున నెలకొల్పెను. సరకు కొండవలె పెరిగినది. కాని కాల్చువారు అంత వేగముగా పెరుగలేదు. ఇక కొనువానిని ఆకర్షించుటయే వ్యాపారికి పెద్ద పని యైనది.

ఆ కాలపు సిగరెట్టు పొట్లములు మెత్తని కాగితముతో చేసినవి. జేబులో సిగరెట్లు నలిగిపోకుండ పొట్లములో ఒక గట్టి అట్టముక్కను పెట్టెడివారు. ఆ అట్ట మీద ఏమియు లేకుండుటకంటె ఒక బొమ్మ ఉండుట మేలు కదా! ఒక బొమ్మ కంటె వరుస బొమ్మలు మరియు మేలు. యాబది బొమ్మల వరుసలో నలుబదితొమ్మిది చేరినవానికి యాబదియవది దొరకు వరకు నిద్ర పట్టదు. అది దొరకవలెనన్నచో మరియొక పొట్లము కొనవలెను. మనుష్యుని మనస్సులోని ఈ చిన్న బలహీనతను వ్యాపారులు చక్కగా కనుగొనిరి. నటీమణులు, రాజులు, జెండాలు, పక్షులు, ఓడలు, యోధులు - ఇట్లు బొమ్మలు బయలుదేరినవి. వానిలో బేస్‌బాల్ ఆటగాండ్ర బొమ్మలకు గిరాకి విశేషము.

బేస్‌బాల్ మనవారికి బొత్తిగా తెలియని ఆట కాదు. మన పాఠశాలల పోటీలలో సాఫ్ట్‌బాల్ అను పేరుతో ఆడు ఆట దీనికి చెల్లెలు. ఒకడు బంతి విసరును. మరియొకడు గుండ్రని కఱ్ఱతో దానిని కొట్టి, నాలుగు మూలలు గల మార్గమున పరుగెత్తి, బయలుదేరిన చోటికే చేరవలెను. పందొమ్మిదవ శతాబ్ది చివరి భాగమున అమెరికాలో ఈ యాట ఊరూర వ్యాపించెను. ఆటగాండ్ర పేర్లు ప్రతి బాలుని నోట నుండెను. వారి రూపమును చూచు భాగ్యము మాత్రము కొందరికే. ఛాయాచిత్రములు వార్తాపత్రికలలో ఇంకను సామాన్యముగా అచ్చుకాని కాలమది.

న్యూయార్కులోని గుడ్విన్ కంపెనీ వారు ‘ఓల్డ్ జడ్జ్’ అను తమ సిగరెట్లతో 1886 మొదలు 1890 వరకు ఆటగాండ్ర ఛాయాచిత్రములను అట్టలపై అంటించి పంచిరి. నాటి కెమేరాకు కదలుచున్న మనిషిని పట్టు శక్తి లేదు. కావున ఆటగానిని గదిలోనికి తెచ్చి, బంతిని సన్నని దారముతో పైనుండి వ్రేలాడదీసి, వాడు దానిని పట్టుకొనుచున్నట్లును, కొట్టుచున్నట్లును నిలువబెట్టి బొమ్మ తీసిరి. కొన్ని కార్డులలో ఆ దారము నేటికిని కనబడును. అబద్ధపు బంతియే కాని, ఆ ముఖములు నిజమైనవి. ఆ మీసములు, ఆ టోపీలు, ఆ బిగుతు దుస్తులు నిజమైనవి. వ్యాపారి ప్రకటనగా తలచినది నేడు చరిత్రకు సాక్ష్యమై నిలిచినది.

మాయమై మరల వచ్చినవి

1890లో డ్యూక్ తన ప్రత్యర్థులను కూడగట్టి ఐదు పెద్ద సంస్థలను ఒక్కటిగా చేసి అమెరికన్ టొబాకో కంపెనీని స్థాపించెను. పోటీ పోయినది. పోటీ పోగానే బొమ్మల అవసరమును క్రమముగా పోయినది. ఎవనితో పోరాడుటకు ఆయుధమును పట్టితిమో వాడే లేనప్పుడు ఆయుధమేల? ఆ తరువాత చాల యేండ్లు బేస్‌బాల్ కార్డులు అరుదయ్యెను.

మరల 1909లో బొమ్మలు బయటికి వచ్చినవి. 1909 మొదలు 1911 వరకు ఆ కంపెనీ తన పదునారు మార్కుల పొట్లములలో పంచిన వరుసకు సేకర్తలు పెట్టుకొన్న పేరు ‘టి 206’. ఈ వరుసలో 524 కార్డులున్నవి. ఒక్కొక్కటి ఒకటిన్నర అంగుళమునకు కొంచెము తక్కువ వెడల్పు, రెండున్నర అంగుళములకు కొంచెము ఎక్కువ పొడవు గలది. ముందు వైపు ఆటగాని రంగుల బొమ్మ, క్రింద వాని పేరు, ఊరు. వెనుక వైపు సిగరెట్టు ప్రకటన. టై కాబ్, సై యంగ్, క్రిస్టీ మాథ్యూసన్ వంటి మహా క్రీడాకారులు ఇందులో నున్నారు.

ఈ బొమ్మలు రాతి అచ్చుతో ముద్రింపబడినవి. ఒక్కొక్క రంగునకు ఒక్కొక్క అచ్చు. ఒకదానిపై నొకటి సరిగా పడినచో ముఖమునకు జీవము వచ్చును, తప్పినచో పెదవి చెంపపైకి జరుగును. ఈ విద్య మనకు పరాయిది కాదు. రవివర్మ 1894లో బొంబాయిలో నెలకొల్పిన ముద్రణాలయమున లక్ష్మీ సరస్వతుల పటములు ఈ విధముననే అచ్చయి తెలుగు ఇండ్ల గోడలెక్కినవి. ఒకే విద్య మన దేశమున దేవతలను పూజగదికి తెచ్చినది. ఆ దేశమున ఆటగాండ్రను పొగాకు పొట్లములోనికి చేర్చినది. రెండు చోట్లను ఫలితమొక్కటే: అంతవరకు ధనవంతుల గోడలకే పరిమితమైన రంగుల చిత్రము సామాన్యుని చేతికి అందినది.

సేకరణలోనున్న దానిని చూచుట ఒక విద్య, లేనిదానిని చూచుట మరియొక విద్య. 524 కార్డులను వరుసగా పేర్చి చూచిన విద్యార్థికి ఒక విషయము స్ఫురింపవలెను: వానిలో నల్లజాతి ఆటగాడు ఒక్కడును లేడు. నల్లవారికి ఆట రాక కాదు. ఆ పోటీలలో వారికి ప్రవేశమే లేదు. జాకీ రాబిన్సన్ 1947లో అడుగుపెట్టు వరకు ఇరువదవ శతాబ్దపు పెద్ద పోటీలలో ఆ తలుపు మూసియే యుండెను. ఏ చరిత్ర గ్రంథమును వ్రాయవలెనని తలపకయే ఆ పొగాకు వ్యాపారులు తమ దేశపు అన్యాయమును ఈ విధముగా నమోదు చేసి యుంచిరి.

ఒప్పుకొనని ఆటగాడు

హోనస్ వాగ్నర్ 1874లో పెన్సిల్వేనియా రాష్ట్రమున జర్మనీనుండి వలసవచ్చిన కుటుంబమున జన్మించెను. బాల్యమున బొగ్గు గనులలో పనిచేసెను. పిట్స్‌బర్గ్ జట్టున ఆడి తన కాలపు అగ్రగణ్యులలో ఒకడయ్యెను. 1936లో బేస్‌బాల్ కీర్తిమందిరమునకు మొట్టమొదట ఎన్నుకొనబడిన ఐదుగురిలో ఆయన యొకడు. అట్టి వాని బొమ్మ లేక వరుస పూర్తి కాదు కదా! కంపెనీ వారు ఆయన బొమ్మను అచ్చువేసిరి. కాని కొద్ది ప్రతులు వెలువడగానే అది నిలిచిపోయినది. నేటికి మిగిలినవి సుమారు అరువది మాత్రమే.

ఎందుకు నిలిచినది? 1912లో ఒక క్రీడాపత్రిక ఈ సంగతిని ప్రకటించినది. ఆటగాండ్ర అనుమతులు తెచ్చు పనిని కంపెనీ వారు జాన్ గ్రూబర్ అను విలేఖరికి అప్పగించిరి. వాగ్నర్ సమ్మతిని తెచ్చినచో ఆయనకు పది డాలర్లు ముట్టును. వాగ్నర్ తన బొమ్మ సిగరెట్లలో ఉండుట తనకిష్టము లేదని జాబు వ్రాసెను. అంతటితో ఊరకొనక, తన వలన మిత్రునకు నష్టము కలుగకుండ పది డాలర్ల చెక్కును ఆ జాబుతో జతపరచెను. పొగాకు పొట్లమును పిల్లలు తన బొమ్మకై కొనరాదను తలంపే దీనికి కారణమని పలువురు చెప్పుదురు. ఆయనయు పొగాకు వాడినవాడే కనుక, ప్రతిఫలమును ఇయ్యనందుననే ఒప్పుకొనలేదని మరికొందరి వాదము. ఉద్దేశ మేదైనను, తన ముఖముపై తనకే హక్కు కలదని చెప్పి ఒక మహాసంస్థను ఆపినవాడు వాగ్నర్.

పిల్లల మాట ఊరక పుట్టినది కాదు. ఆ కాలమున పొగాకు దుకాణముల ముందు బాలురు గుంపులుగా నిలిచి, బయటికి వచ్చు ప్రతివానిని బొమ్మ ఇమ్మని అడిగెడివారు. కొందరు అడుగుట మాని కొనుట నేర్చిరి. అందమైన ఆ అట్టముక్క గాలపు ఎర యన్న సంగతిని మనము మరువరాదు. దానిని ప్రశంసించువాడు ఈ మాటను కూడ చెప్పవలెను.

అరుదుతనమునకు ఇతర కారణములును కలవు. ఎడ్డీ ప్లాంక్ అను ఆటగాని కార్డు కూడ మిక్కిలి అరుదు. షెర్రీ మాగీ అనువాని పేరులో మొదట ఒక అక్షరము తప్పుగా పడినది. కంపెనీ వారు వెంటనే దిద్దిరి. దిద్దిన కార్డు నేడు సులభముగా దొరకును. తప్పు కార్డుకై సేకర్తలు ఊళ్లు తిరుగుదురు. బడిలో తప్పునకు మార్కులు తగ్గును, ఇచట తప్పునకే మార్కులు పెరుగుట వింత. ఇది తప్పు యొక్క ఘనత కాదు. దానిని వెంటనే దిద్దినవారి జాగ్రత్త యొక్క ఫలితము.

రెండు చేతులతో మూడు లక్షలు

ఈ కథలో నిజమైన నాయకుడు ఆటగాడు కాడు, వ్యాపారియు కాడు. జెఫర్సన్ బర్డిక్ 1900లో న్యూయార్క్ రాష్ట్రమున ఒక చిన్న యూరిలో పుట్టెను. సిరక్యూస్ విశ్వవిద్యాలయమున చదివి, ఆ పట్టణముననే విద్యుత్ పరికరముల కర్మాగారమున సామాన్య ఉద్యోగిగా జీవితము గడిపెను. పెండ్లి చేసికొనలేదు. కీళ్ల జబ్బు ఆయనను నడివయస్సుననే పట్టుకొని వ్రేళ్లను వంకర చేసినది. బేస్‌బాల్ మీద ఆయనకు పెద్ద మక్కువ లేదు. అచ్చయిన చిన్న కాగితములు - పొగాకు కార్డులు, తపాలా కార్డులు, దుకాణముల ప్రకటనలు, పండుగ శుభాకాంక్షలు - ఇవియే ఆయన ధ్యేయము.

అంతవరకు ఈ కార్డులకు లెక్క లేదు, పత్రము లేదు. ఎవరి యొద్ద ఏమున్నదో, ఏ వరుసలో ఎన్ని కలవో ఎవరికిని తెలియదు. బర్డిక్ సేకర్తలతో ఉత్తరములు నడిపి, చిన్న పత్రికను వెలువరించి, 1939లో తన జాబితాను మొదటిసారి ప్రకటించెను. పందొమ్మిదవ శతాబ్దపు పొగాకు కార్డులకు ‘ఎన్’ అనియు, ఇరువదవ శతాబ్దపు వానికి ‘టి’ అనియు గుర్తులు పెట్టి, ప్రతి వరుసకు ఒక సంఖ్య నిచ్చెను. ‘టి 206’ అను పేరు ఆయన పెట్టినదే. గ్రంథాలయములో పుస్తకములకు సంఖ్యలెంత అవసరమో సేకరణకు ఈ సంఖ్యలంత అవసరము. పేరు లేని వస్తువు వెదకుటకు అందదు. వెదకుటకు అందనిది పోయినను తెలియదు.

ఆ జాబితాలో సామాన్య కార్డుల ధరలు కొన్ని సెంట్లు. వాగ్నర్ కార్డునకు మాత్రము ఆయన 50 డాలర్లని వ్రాసెను. అదియే నాడు ఆశ్చర్యకరమైన మొత్తము.

తన సేకరణను అమ్మినచో ఆయన కష్టములు కొంత తీరియుండెడివి. ఆయన అట్లు చేయలేదు. 1947 మొదలుకొని విడతలు విడతలుగా న్యూయార్కులోని మెట్రొపాలిటన్ చిత్రవస్తుశాలకు దానము చేసెను. చిత్రముద్రల శాఖాధిపతి హయట్ మేయర్ ఆ చిన్న కాగితముల విలువను గుర్తించిన రసజ్ఞుడు. అయితే వానిని సర్దువారెవరు? దాత యే సర్దవలెనని నిర్ణయమైనది. కొంతకాలమునకు బర్డిక్ ఉద్యోగమును విడిచి న్యూయార్కునకు వచ్చి, ఆ వస్తుశాలలో ఒక బల్ల యొద్ద కూర్చుండి, వంకరపోయిన వ్రేళ్లతో ఒక్కొక్క కార్డునే పుటలపై అంటించుచు పోయెను. జబ్బు ముందు పోవునో, పని ముందు ముగియునో అన్నట్లుగా ఆ పందెము సాగినది. మొత్తము సంఖ్య మూడు లక్షలు దాటినది. వానిలో బేస్‌బాల్ కార్డులే సుమారు 30,000.

1963 జనవరి 10వ తేదీన ఆఖరి కార్డును అంటించి, ఇక తాను తిరిగి రానని చెప్పి, కోటు తొడుగుకొని ఆయన వెడలిపోయెను. మరునాడు ఆసుపత్రిలో చేరెను. రెండు నెలలు గడచిన పిమ్మట, మార్చి 13వ తేదీన కన్నుమూసెను. ఆయన అంటించిన కార్డులలో ఒక వాగ్నర్ కూడ కలదు. వస్తుశాలలోనున్న దానికి ధర లేదు. అది అమ్మకపు సరకు కాదు గనుక.

ఆయన పద్ధతిలో నేటివారు ఎంచు లోపమొకటి కలదు. కార్డులను జిగురుతో అంటించుట వలన వెనుక వైపు మరుగైనది. వెనుకనున్న ప్రకటనయు చరిత్రలో భాగమే కదా! కాని లోపమెంచుటకైనను ఆ కార్డులు మిగిలియున్నవన్నచో అది ఆయన పుణ్యమే.

కత్తిరించిన అంచులు

ఇందుకు పూర్తిగా ఎదురైన కథ మరియొకటి కలదు. వాగ్నర్ కార్డులలో అన్నింటికంటె శుభ్రముగానున్న ఒక ప్రతిని 1991లో హాకీ వీరుడు వేన్ గ్రెట్జ్‌కీ తన భాగస్వామితో కలిసి 4 లక్షల 51 వేల డాలర్లకు కొనెను. అదే కార్డు 2007లో 28 లక్షల డాలర్లు పలికినది. నూరేండ్ల నాటి అట్టకు అంచులు అంత పదునుగా, మూలలు అంత చక్కగా ఎట్లున్నవని పలువురు సందేహించిరి. దానిని పూర్వము అమ్మిన వ్యాపారి బిల్ మాస్ట్రో 2013లో న్యాయస్థానమున తన నేరములను ఒప్పుకొనుచు, ఆ కార్డు అంచులను తానే కత్తిరించితినని అంగీకరించెను.

ఒకడు వంకర వ్రేళ్లతో మూడు లక్షల కార్డులను కాపాడెను. మరియొకడు నేర్పు గల చేతులతో ఒక్క కార్డును కత్తిరించెను. ఇరువురును సేకర్తలే. కాగితము మీద ప్రేమకును, కాగితము వెలపై ప్రేమకును నడుమనున్న దూరమును ఇంతకంటె స్పష్టముగా చూపు ఉదాహరణము దొరకదు. నలిగిన మూల, మాసిన అంచు, ఏ బాలుడో వెనుక వైపున వ్రాసికొన్న పేరు - ఇవి యన్నియు ఆ కార్డు బ్రదికిన బ్రదుకు. వానిని తొలగించి కార్డును క్రొత్తదానిగా చేయుటయన, ముసలివాని ముడుతలను చెరపి వాని యనుభవమును దొంగిలించుట వంటిది.

ధరల పందెము నేటికిని ఆగలేదు. 2022లో వాగ్నర్ కార్డొకటి 72 లక్షల 50 వేలు పలికిన నెలలోనే, పొగాకుతో సంబంధము లేని 1952 నాటి మికీ మాంటిల్ కార్డొకటి కోటి 26 లక్షల డాలర్లు పలికి దానిని మించినది.

మన పొగాకు, మన కాగితములు

పొగాకు కథలో తెలుగుదేశపు భాగము చిన్నది కాదు. గుంటూరు సీమలో ఆకు కొనుగోలునకు 1912లో ఇండియన్ లీఫ్ టొబాకో డెవలప్‌మెంట్ కంపెనీ ఏర్పడినది. 1947లో రాజమహేంద్రవరమున కేంద్ర పొగాకు పరిశోధన సంస్థ వెలసినది. 1976లో పొగాకు బోర్డు గుంటూరు కేంద్రముగా పని ప్రారంభించినది. హైదరాబాదులో వజీర్ సుల్తాన్ కంపెనీ చేసిన చార్మినార్ సిగరెట్టు పేరు తెలియని పల్లె లేదు.

ఇంగ్లండునందు విల్స్ కంపెనీ 1896లో క్రికెట్ ఆటగాండ్ర కార్డులను వెలువరించినది. నవానగరపు రంజిత్‌సింహ్‌జీ బొమ్మ వానిలో నొకటి. ఆ కంపెనీ సిజర్స్ మార్కు, అనగా మన కత్తెర సిగరెట్టు, భారతదేశమున అమ్మకమునకు వచ్చినప్పుడు భారతీయ సైనికదళముల బొమ్మల వంటి వరుసలు ఆ పొట్లములతో వచ్చెను. 1940లో యుద్ధకాలపు కాగితపు కరవు వలన ఇంగ్లండులో సిగరెట్టు కార్డుల ముద్రణ నిలిచినది. ఎడ్వర్డ్ వార్టన్ టైగర్ అను సేకర్త కూర్చిన పది లక్షలకు పైబడిన కార్డులు ఆయన 1995లో మరణించిన పిమ్మట బ్రిటిష్ మ్యూజియమునకు చేరినవి.

మన వంతు కాగితములు ఏమైనవి? ఆ ప్రశ్నకు రాయలసీమయందే ఒక జవాబు కలదు. కర్నల్ కాలిన్ మెకంజీ 1821లో మరణించు వరకు కావలి బొర్రయ్య మొదలగు తెలుగువారి సాయముతో ఊరూర కైఫీయతులను, శాసనముల నకళ్లను కూర్పించెను. నాటి కరణములు చిక్కములలో కట్టి అటకమీద పడవేసిన కవిలెలు వానికి ఆధారములైనవి. సి. పి. బ్రౌన్ కడపలో తన బంగళాయందు పండితులను కూర్చుండబెట్టి, చెదలు తిను తాటాకుల నుండి వేమన పద్యములను ఎత్తి వ్రాయించి, పాఠములను పోల్చి చూచి, 1829లో అచ్చువేయించెను. కదిరి సీమలోని కటారుపల్లెలో వేమన సమాధి నేటికిని పూజలందుకొనుచున్నది. సమాధిని ఊరు కాపాడినది. పద్యములు అచ్చునకు ఎక్కుటకు ఒక సేకర్త కావలసి వచ్చినది. బ్రౌన్ నివసించిన ఆ కడప స్థలముననే జానుమద్ది హనుమచ్ఛాస్త్రి గారి పూనికతో ఆయన పేర గ్రంథాలయము వెలసినది. శాస్త్రిగారు అనంతపురము జిల్లా రాయదుర్గమున పుట్టిన అధ్యాపకులు. 1918లో స్థాపితమైన వేటపాలెము సారస్వత నికేతనము పాత పత్రికలను కుప్పలుగా కాక వరుసలుగా దాచిపెట్టి పరిశోధకులకు తీర్థక్షేత్రమైనది. అదియు పొగాకు పండు సీమలోనే యున్నది.

ఈ పనులు చేసినవారెవరును అరుదైన వస్తువులను కొనలేదు. తమ కాలమున అందరును పారవేయుచున్న దానిని దాచిరి. అరుదుతనము తరువాత వచ్చినది.

బడి బీరువాలో

ఉపాధ్యాయ మిత్రులకు ఇందులో ఒక పని కనబడును. తాడిమర్రి వంటి యూరి పాఠశాలలో ఒక బీరువా అరను దీనికి కేటాయించుట కష్టము కాదు. పిల్లలు తేగలిగినవి ఎన్నియో కలవు: అగ్గిపెట్టె పటములు, పాత బస్సు టిక్కెట్లు, విత్తనాల సంచుల చీటీలు, ధర్మవరపు పట్టుచీరల దుకాణముల సంచులు, జాతర కరపత్రములు, నాటక ప్రకటనలు, పెండ్లిపత్రికలు, పాత సినిమా పాటల పుస్తకములు. పెండ్లిపత్రికలను పదేండ్లకు ఒకటి చొప్పున వరుసగా పేర్చినచో భాష ఎట్లు మారినది, పేర్లు ఎట్లు మారినవి, ముహూర్తపు గంటలు ఎట్లు అచ్చయినవి, ఊరి పేరు ప్రక్కన ఏ తాలూకా, ఏ మండలము, ఏ జిల్లా అని వ్రాసిరి - ఇవి యన్నియు బోధపడును. ఒకప్పటి పత్రిక మీద అనంతపురము జిల్లా యని యుండును. 2022 తరువాతిదానిపై శ్రీ సత్యసాయి జిల్లా యని యుండును. పాఠ్యపుస్తకము చెప్పు సంగతినే ఇంటి కాగితము చెప్పినచో పిల్లవాడు దానిని మరువడు.

నియమములు నాలుగు చాలును. దొరికిన తేదీని, ఊరును, ఇచ్చినవారి పేరును వేరొక చీటిపై వ్రాసి జతపరచవలెను. వస్తువును కత్తిరింపరాదు. జిగురుతో అంటింపరాదు, కాగితపు సంచిలో ఉంచినచో రెండు వైపులును కనబడును. ప్రతిదానికి ఒక సంఖ్య నిచ్చి, ఆ సంఖ్యలను ఒక పుస్తకమున ఎక్కింపవలెను. బర్డిక్ జీవితమంతయు ఈ నాలుగు మాటలలోనే యిమిడియున్నది. వీనిలో ఒకటి ఆయన లోపమునుండి మనము నేర్చినది.

సిగరెట్టు అట్టల విషయమున మాత్రము ఒక జాగ్రత్త అవసరము. వానిని ఏరుకొనుటకు పిల్లలను దుకాణముల చుట్టు త్రిప్పరాదు. 2003 నాటి చట్టము పదునెనిమిది యేండ్లు నిండనివారికి పొగాకు అమ్మకమును నిషేధించినది. విద్యాలయమునకు నూరు గజముల లోపల అమ్మరాదని కూడ శాసించినది. 2016 ఏప్రిల్ మొదలు సిగరెట్టు పెట్టె మీద నూటికి 85 వంతుల స్థలమును భయము గొలుపు హెచ్చరిక బొమ్మ ఆక్రమింపవలెనన్న నియమము అమలునకు వచ్చినది. ఇది చరిత్ర యొక్క చమత్కారము. ఆనాడు వ్యాపారి పెట్టె లోపల బొమ్మను దాచి పిల్లవానిని పిలిచెను. ఈనాడు ప్రభుత్వము పెట్టె మీదనే బొమ్మ నుంచి వానిని పొమ్మనుచున్నది. ఒకే అట్ట, ఒకే అచ్చు, ఒకే కన్ను, ఉద్దేశమే వేరు. 1909 నాటి ఆటగాని బొమ్మను, నేటి హెచ్చరిక బొమ్మను పాఠశాల గోడపై ప్రక్కప్రక్కన నుంచి, రెండింటిని ఎవరు ఎవరికొఱకు అచ్చువేసిరని అడిగినచో, ఆ తరగతికి ఆనాడు వేరొక పాఠము అక్కరలేదు.

ఏ కాగితమునకు రేపు విలువ వచ్చునో నేడెవరును చెప్పజాలరు. వాగ్నర్ కార్డును ఏరుకొన్న బాలునకు అది తెలియదు. వేమన పద్యమును తాటాకుపై గీచిన వ్రాయసగానికిని తెలియదు. ధర వచ్చునని దాచువాడు వర్తకుడు. ధర రాకున్నను దాచువాడు చరిత్రకు బంధువు. మన పిల్లలలో అట్టి బంధువులు ఏ బడిలో ఎందరున్నారో కనుగొనుటకు ఒక ఖాళీ అరయు, ఒక లెక్కపుస్తకమును చాలును.